పటము క్రింది పంక్తి

నలువదియేండ్లు దాటిన పిదప మరల విద్యార్థి యగుటయందు ఒక సుఖమును, ఒక సిగ్గును గలవు. ఇరువదియేండ్లుగా రఘువంశమును, ఆంగ్లవ్యాకరణమును బోధించుచు పిల్లల తప్పులు దిద్దిన మేము, రెండేండ్ల క్రిందట ఒక కెమెరా కొని ఛాయాచిత్రకళకు ఓనమాలు దిద్దుకొన నారంభించితిమి. మాకు గురువులు గ్రంథములే. వానియందు అమెరికాలో పనిచేసిన ముగ్గురు మమ్ము విశేషముగ నాకర్షించిరి. వారివలన మేము నేర్చినదియు, చూచియు నేర్వజాలనిదియు చదువరులకు విన్నవించుచున్నాము.

మొదటివాడు జేకబ్ రీస్. న్యూయార్కులో పత్రికావిలేకరి. వెలుతురు చొరని పేదల గదులలోనికి రాత్రివేళ బోయి, మెగ్నీసియము చూర్ణమును మండించి, ఆ మెఱుపులో పటములు తీసెను. 1890లో వెలువడిన ఆయన గ్రంథము ఆ చీకటిని ధనవంతుల కన్నులయెదుట బెట్టెను. అది మహోపకారమే. కాని ఆ పటములు కొన్నిటియందు నిద్రనుండి ఉలికిపడిన మొగములను జూచినపుడు, వీరి యనుమతి యెవరడిగిరను సందేహము మాకు గలిగెను. గలిగెనే కాని నిలువలేదు.

రెండవయామె డొరొతియా లాంగ్. 1936 మార్చిలో కాలిఫోర్నియాలోని నిపోమో యొద్ద, బఠానీలు కోయు కూలీల మకాములో ఒక తల్లిని, బిడ్డలను జూచి, అడుగడుగుగ దగ్గఱకు జరుగుచు కొన్ని పటములు తీసెను. కడపటి పటమున గుడారపు సామానంతయు తొలగి, చెక్కిలికి చేయి చేర్చిన తల్లియు, ఆమె భుజములమీద మొగములు దాచుకొన్న బిడ్డలును మాత్రమే మిగిలిరి. గుడారపు గుంజను పట్టిన బొటనవ్రేలు కంటి కడ్డమని పిమ్మట దానిని మూలఫలకముపై చెఱిపించిరి. ఆ తల్లి పేరు మాత్రము ఆ దినమున అడుగలేదు. 1978లో ఆమె యెవరో లోకమునకు దెలిసినపుడు, ఆ పటమువలన తనకు చిల్లిగవ్వయు దక్కలేదని వాపోయెను.

మేము ఈ కథయంతయు చదివితిమి. నేర్చుకొన్నది మాత్రము దగ్గఱకు జరుగుట యొక్కటే.

గత కార్తికమాసమున మా యూరి బస్సునిలయము ప్రక్కనున్న టీదుకాణములో ఒక బాలుడు గ్లాసులు కడుగుచుండెను. ప్రక్క కిటికీనుండి ఉదయపుటెండ వాని చేతులపై బడి, నీటిబిందువులు ముత్యములవలె మెఱయుచుండెను. మేము మూడడుగులు ముందునకు జరిగి పటము తీసితిమి. వాడు మా ఆఱవతరగతి పిల్లవాడు. మూడుమాసములుగ హాజరుపట్టీలో వాని పేరునకెదుట గైరుహాజరని మా చేతనే గుర్తించుచుంటిమి. "ఏరా, బాగున్నావా?" యని మాత్ర మడిగి, వెలుతురు తగ్గకమున్నే యింటికి బోతిమి. పటము చక్కగ వచ్చెను. గోడకు వ్రేలాడదీసితిమి. మిత్రులు మెచ్చిరి.

అటుపిమ్మట మూడవవాని పటములు మా చేతబడెను. ఆయన లూయీ హైను, మావలెనే బడిపంతులు. న్యూయార్కులో పాఠశాల యుద్యోగము విడిచి, 1908 నుండి జాతీయ బాలకార్మిక సంఘము పక్షమున మిల్లులు, గనులు తిరిగెను. యజమానులు రానీయని చోట తనిఖీదారుననియు, బైబిళ్లమ్మువాడననియు జెప్పి లోనికి బోయెడివాడు. తన కోటు గుండీలు నేలనుండి యెంత యెత్తుననుండునో ముందే కొలిచియుంచుకొని, బిడ్డ ప్రక్క నిలిచి యెత్తు గ్రహించెడివాడు. జేబులో చేయియుంచి, చూడకయే వివరములు వ్రాసికొనెడివాడు. 1908 నవంబరులో దక్షిణ కరొలైనాలోని లాంకాస్టరు నూలుమిల్లులో తీసిన బాలిక పటము క్రింద ఆమె పేరును, 48 అంగుళముల యెత్తును, అప్పటికే అఱువత్సరము పనిచేసిన సంగతియు గలవు. ఆ సంఘముకొఱకు తీసిన పటములు ఐదువేలకు పైగా నేడును అమెరికా కాంగ్రెసు గ్రంథాలయమున నున్నవి. 1916లో వచ్చిన శాసనమును 1918లో సర్వోన్నతన్యాయస్థానము కొట్టివేసెను. నిలువగల శాసనము 1938లో వచ్చెను. హైను 1940లో పేదగనే మరణించెను.

ఆ పంక్తి చదివి మేము మా గోడవైపు చూచితిమి. మా పటము క్రింద నేమియు లేదు. ఆయన బడి విడిచి కెమెరా పట్టినను పంతులుగనే యుండెను. మేము బడిలోనుండియే పంతులుతనమును మఱచితిమి.

మఱునాడు ప్రధానోపాధ్యాయునితో గూడ ఆ పిల్లవాని యింటికి బోతిమి. తండ్రికి తాపీపనిలో చేయి విఱిగినదట. దుకాణదారునియొద్ద బయానా తీసికొనిరట. తల్లి మాతో ననినది: "మావాడు ఆరోజే వచ్చి చెప్పాడండీ, మాస్టారు ఫొటో తీశారు, బళ్లోకి పిలుస్తారేమోనని. ఆరు వారాలు చూశామండీ."

మేము తల యెత్తలేకపోతిమి. పదునాలుగేండ్లలోపు బిడ్డలను ఇట్టి పనులలో నుంచరాదని 2016 సవరణము చెప్పుచున్నదని దుకాణదారునకు ప్రధానోపాధ్యాయుడే తెలియజెప్పెను. సంక్రాంతి గడచినపిదప పిల్లవాడు బడికి వచ్చెను. భిన్నములలో వెనుకబడియున్నాడు. బయానా సంగతి యింకను తేలలేదు.

పటమును గోడనుండి దింపి, వెనుకవైపున వాని వయస్సును, తరగతిని, పోయిన మాసములను వ్రాసి, పెట్టెలో నుంచితిమి. వాని పేరు మా యొద్దనే యుండుగాక. అది ప్రదర్శనమునకు గాదు, మా జ్ఞాపకమునకు.

చదువరులలో కెమెరా లేనివారును గలరు. కాని కన్నులు లేనివా రెవరు? మన పెరటిలో అంట్లు తోము చిన్నదాని వయస్సెంతయో, అది యే తరగతిలో బడి మానినదో, మనలో నెందఱము అడిగితిమి?