ఎత్తిన బరువు కింద

మా మద్రసాకు దానంగా లభించిన పాత ట్రాక్టరుకు ముందుభాగాన లోడరు ఉంది. పొలానికి ఎరువు, గోడలకు మట్టి దానితోనే ఎత్తుతాము. కొంతకాలంగా ఎత్తిన బకెట్టు నిలువక కిందికి జారసాగింది. పాత ఇనుముకు అమ్మివేయమన్నవారు ఉన్నారు. దానమిచ్చిన వస్తువును బాగుచేయించి వాడుకోవడమే ధర్మమని మేము భావించాము.

మూసివున్న ద్రవంపై కలిగించిన ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా వ్యాపిస్తుందని 17వ శతాబ్దపు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాస్కల్ నిరూపించాడు. చదరపు సెంటీమీటరుకు 100 కిలోల ఒత్తిడి ఉంటే, 6 సెంటీమీటర్ల వ్యాసం గల పిస్టన్ సుమారు 2,800 కిలోల బలంతో తోస్తుంది. ఆ బలాన్ని పట్టి ఉంచేది ఒక చిన్న సీలు!

ఊరంతా చాచా అని పిలిచే వృద్ధ మిస్త్రీ ముందుగా బకెట్టును నేలకు దించి, ఇంజిను ఆపి, లివరును అటూ ఇటూ కదిపి ఒత్తిడిని తొలగించారు. సిలిండరు విప్పగా సీళ్లు అరిగి, కడ్డీపై తుప్పు గుంటలు కనిపించాయి.

"మౌల్వీ సాబ్, ఈ కడ్డీ మీద కొత్త సీలు వేస్తే త్వరలోనే చిరుగుతుంది" అన్నారు. కడ్డీకి క్రోమ్ పూత వేయించాము. నీరు కలిసి పాలవలె తెల్లబడిన నూనెను, ఫిల్టరును మార్పించాము.

పరీక్షించే వేళ మా విద్యార్థి ఒకడు కారుతున్న పైపును తడమబోయాడు. చాచా గట్టిగా వారించి, "అట్టముక్కతో చూడు బేటా! సన్నటి రంధ్రం నుండి చిమ్మే నూనె చర్మంలోకి దూసుకుపోతుంది. చేయి పోతుంది" అన్నారు. ఆ పైపునూ మార్చారు.

ఇప్పుడు బకెట్టు ఎత్తినచోటే నిలుస్తున్నది. అయినప్పటికీ దాని కింద ఎవరినీ నిలువనీయము. ట్రాక్టరున్న ప్రతి ఇంటా పిల్లలకు ఈ మాట చెప్పవలసిందిగా పాఠకులకు మా మనవి.