కూర్చో, ఏమైందో చెప్పు!

మా నాన్న చర్చిలో గంట కొట్టేవాడు. గంటొక్కటే కాదు... బెంచీలు తుడవడం, పెళ్లికీ సమాధికీ పరుగులు పెట్టడం, అన్నీ ఆయనే. కానుకలు తగ్గిన నెలలో మొదట ఆగేది ఆయన జీతమే.

ఓ ఏడాది మంచి శుక్రవారం ముందురోజు ఆరాధనలో అయ్యగారు పన్నెండుమంది కాళ్లు కడిగారు. వాళ్లలో నాన్న కూడా ఉన్నాడు. శిష్యుల కాళ్లు కడిగిన యేసు గురించి ప్రసంగం వింటూ అమ్మ కళ్లు తుడుచుకుంది. ఆ ఆదివారం ఈస్టర్. తెల్లవారుజామున గంట పది నిమిషాలు ఆలస్యమైంది. ‘బుద్ధుందా నీకు?’ అంటూ అదే అయ్యగారు సంఘమంతటి ముందూ కేకలేశారు. నాన్న తల వంచుకుని నిలబడ్డాడు. నాకప్పుడు పదకొండేళ్లు. చాలాకాలం గుడికి వెళ్లబుద్ధి కాలేదు.

తర్వాత కొత్త అయ్యగారొచ్చారు. మొదటి సోమవారమే గుమస్తాని, ఉపదేశిని, ఆర్గన్ మాస్టారిని, నాన్నని టీకి పిలిచారు. నాన్న అలవాటుగా గుమ్మం దగ్గర నిలబడితే తానే లేచి కుర్చీ జరిపారు. ‘గంట ఎందుకు ఆలస్యమవుతోంది, మీరే చెప్పండి’ అన్నారు. తాడు పాతదై కప్పీలో ఇరుక్కుంటోందని నాన్న అప్పుడు చెప్పాడు. రెండేళ్లుగా గొంతులో ఉన్న మాట! తిడతారన్న భయంతో బయటికి రాలేదంతే.

ఆ తర్వాత ఒకటో తేదీనే జీతం, వారానికో సెలవు. తప్పుంటే గదిలో చెప్పేవారు, మెచ్చుకోవాలంటే సంఘం ముందు. తాను పొరబడినా అదే గదిలో ఒప్పుకునేవారు.

1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో వేదనాయకం శామ్యూల్ అజరయ్య అడిగింది కూడా ఇలాంటిదే. మీరెంతో త్యాగం చేశారు, ఇక స్నేహం కూడా ఇవ్వండని విదేశీ మిషనరీలను కోరారు. 1912లో ఆయనే ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పుగా దోర్నకల్‌లో బాధ్యతలు చేపట్టారు. ఆనాడు పెద్దలను మనం అడిగిన స్నేహం, ఈనాడు గంట కొట్టేవాడికి మనమిస్తున్నామా?

మొన్న మా డెస్కులో కొత్తగా చేరిన అబ్బాయి వార్తలో పెద్ద తప్పు దొర్లింది. నా గొంతు లేవబోయింది. నాన్న గుర్తొచ్చాడు. పక్కనున్న కుర్చీ జరిపాను.

‘కూర్చో, ఏమైందో చెప్పు’ అన్నాను.