ఆట అటు... డ్యూటీ ఇటు

మొన్న ఆదివారం మా కొలీగ్ ఇంట్లో అమెరికన్ ఫుట్‌బాల్ చూస్తూ ఓ డౌటు అడిగా. "అందరూ బంతి వెనక పడుతుంటే ఆ చివర్న ఉన్నవాడు కదలడేం? బద్ధకమా?" అని. డాలస్ వచ్చి మూడేళ్ళయినా నాకీ ఆట సగమే అర్థమవుతుంది లెండి. అతను హైస్కూల్లో ఆడినవాడు. నవ్వేసి, "వాడి పనే అది. స్టే హోమ్" అన్నాడు.

తర్వాత విడమరిచి చెప్పాడు. పరుగు ఎటు మొదలైందో దానికి అవతలి వైపుని బ్యాక్‌సైడ్ అంటారు. అక్కడుండే డిఫెన్సివ్ ఎండ్‌కి మూడు అనుమానాలుండాలి. రన్నింగ్ బ్యాక్ ఒక అడుగు అటేసి ఇటు తిరగొచ్చు, అది కౌంటర్. అటు పరిగెడుతున్నవాడు ఎదురొచ్చేవాడి చేతికి బంతి ఇచ్చెయ్యొచ్చు, అది రివర్స్. క్వార్టర్‌బ్యాక్ బంతి ఇచ్చినట్టు నటించి, తనే దాచుకుని ఇటు రావచ్చు, అది బూట్‌లెగ్. ఈ మూడూ కాదని తేలాకే వాడు కదలాలి. వెనకున్న లైన్‌బ్యాకరేమో రన్నింగ్ బ్యాక్‌ని కాకుండా ఎదుటి గార్డు కాళ్ళు చూడాలట. గార్డు లైన్ వదిలి ఎటు పరిగెడితే అసలు ఆట చాలాసార్లు అటే.

జో గిబ్స్ కోచ్‌గా ఉన్నప్పుడు వాషింగ్టన్ టీముకి బాగా పేరు తెచ్చిన ఆట ఈ కౌంటరే. 1988 జనవరిలో జరిగిన సూపర్ బౌల్‌లో డెన్వర్ మీద టిమ్మీ స్మిత్ అనే కొత్త కుర్రాడు 204 గజాలు పరిగెత్తాడు. స్కోరు 42-10!

ఇదంతా వింటుంటే నాకు భీమడోలు గుర్తొచ్చింది. స్కూల్లో నేను చెడుగుడు ఆడేవాణ్ణి, ఎడమ కార్నరు. ఓ మ్యాచ్‌లో ఆఖరి కూత. కూతకొచ్చినవాడు కుడి మూలకి దూసుకెళ్ళాడు. మావాళ్ళు వాణ్ణి పట్టేస్తున్నారనిపించింది. నేనూ ఓ చెయ్యి వేద్దామని మూల వదిలేసి మధ్యకి ఉరికా. వాడు గిరుక్కున తిరిగి, నా వీపు మీద చరిచి, గీత దాటేశాడు. ఒక్క పాయింటుతో పోయింది మ్యాచ్. "నిన్నెవడు రమ్మన్నాడ్రా అక్కడికి?" అన్నారు డ్రిల్లు మాష్టారు. కష్టపడి పరిగెత్తినందుక్కూడా తిడతారా అని అప్పుడు ఉక్రోషం వచ్చింది.

ఆఫీసులోనూ అంతే కదండీ. ప్రొడక్షన్ పడిపోతే నలభై మందిమి ఒకే కాల్లో దూరతాం. అందులో సగం మంది చేసేది పని కాదు, కనపడ్డం.

మా అన్నయ్య మాత్రం మూల వదల్లేదు. నేను ఇంజినీరింగ్ అవగానే హైదరాబాదు, అక్కణ్ణుంచి డాలస్ వచ్చేశా. వాడు చేపల చెరువు, అమ్మా నాన్నలతో అక్కడే ఉండిపోయాడు. తెల్లారగట్ల నీళ్ళలో ఆక్సిజన్ తగ్గి చేపలు పైకి తేలతాయేమోనని టార్చిలైటు పట్టుకుని గట్టు మీద తిరుగుతాడు. ఏమీ జరక్కపోతే ఆ రాత్రి వాడు బాగా పనిచేసినట్టు. చుట్టాలెవరొచ్చినా అడిగేది మాత్రం నా గురించే.

మొన్న రాత్రే ఫోన్ చేశా. "నాన్నకి ఎలా ఉంది అన్నయ్యా?" అంటే, "ఆ, బానే ఉందిరా. ఇక్కడేం విశేషాల్లేవు" అన్నాడు.

ఇన్నేళ్ళూ ఆ మాట విని వెంటనే టాపిక్ మార్చేసేవాణ్ణి. ఈసారి మార్చబుద్ధి కాలేదు.