హాస్టల్ నుంచి పారిపోయిన పిల్లాడి పాట

 కొంచెం పెద్ద పోస్టు. తీరిక చూసుకుని చదవండి.

ఆగస్టు 9 దగ్గరికొస్తోంది. ఆదివాసీ దినోత్సవానికి ఏం చెయ్యాలని గ్రూపులో చర్చ నడుస్తోంది. ఎప్పట్లాగే థింసా అన్నారు చాలామంది. థింసా మనది, ఆడాల్సిందే. కానీ హాస్టల్లో ఉన్నన్నాళ్లూ మేం థింసా ఎప్పుడెప్పుడు ఆడామో గుర్తు చేసుకున్నాం. పెద్ద సార్లు వచ్చినప్పుడే. కారు గేటు దగ్గర ఆగగానే డప్పు మోగాలి. వాళ్లు కుర్చీల్లో కూర్చునేదాకా ఆడాలి. ఫోటోలు అయ్యాక లైను కట్టి క్లాసుకు పోవాలి. ఆ పాటలో ఏముందని ఒక్కరూ అడగలేదు. మేమూ చెప్పలేదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నామంటే, ఈమధ్య ఒకాయన గురించి తెలుసుకున్నాం. పేరు జిమ్మీ చి. పశ్చిమ ఆస్ట్రేలియాలో, ఉత్తరాన సముద్రం ఒడ్డునున్న బ్రూమ్ ఊళ్లో 1948లో పుట్టారు. మ్యూజికల్ నాటకాలకు మాటలూ పాటలూ రాసి, బాణీలు కూడా కట్టారు. మ్యూజికల్ అంటే కథ సగం పాటల్లోనే నడిచే నాటకం. మన ఊళ్లలో తెల్లవార్లూ ఆడే భాగోతాల్ని తలుచుకోండి, అర్థమైపోతుంది.

బ్రూమ్ ముత్యపు చిప్పల ఊరు. ప్లాస్టిక్ రాకముందు ఆ చిప్పల్తోనే చొక్కా గుండీలు చేసేవారు. మొదట్లో అక్కడి ఆదివాసుల్ని బలవంతంగా పట్టుకొచ్చి సముద్రంలో దించారు. తర్వాత జపాన్, చైనా, మలయా, ఫిలిప్పీన్స్ నుంచి కూలీలు వచ్చారు. అక్కడి జపాన్ శ్మశానంలో వందల సమాధులున్నాయి. వాటిలో చాలా మునకలోనో తుఫానులోనో పోయినవాళ్లవే. జిమ్మీ తండ్రి వైపు చైనా, జపాన్ రక్తం. తల్లి వైపు ఆదివాసీ, స్కాట్లండ్ రక్తం. ఆ రోజుల్లో అక్కడి ప్రభుత్వం ఇలాంటి మిశ్రమ సంతానాన్ని తల్లుల దగ్గర్నుంచి లాక్కుని మిషన్ బడుల్లో వేసేది. ఆదివాసుల్ని దేశ జనాభాలో లెక్కపెట్టడానికే 1967లో రిఫరెండం పెట్టాల్సొచ్చింది. అప్పటికి జిమ్మీకి దాదాపు 19 ఏళ్లు.

ఆయన చదువు కూడా మిషన్ వాళ్ల దగ్గరే సాగింది. చదువులో చురుకు. పెర్త్ నగరంలో యూనివర్సిటీకెళ్లి ఇంజనీరింగ్‌లో చేరారు. కానీ అక్కడ మనసు దెబ్బతింది. చదువు మధ్యలో వదిలేసి ఊరికొచ్చేశారు. ఆ జబ్బు మళ్లీ మళ్లీ వచ్చేది. బతికినంత కాలం దానితోనే బతికారు.

ఇక్కడ మేం చదవడం ఆపేశాం. ఎందుకో మా గది సంగతి తెలిసినవాళ్లకి అర్థమవుతుంది.

మా గదిలో మేం నలుగురం. మూడో తరగతి నుంచి ఒకే ఆశ్రమ పాఠశాల, ఒకే నీళ్ల సాంబారు. ట్రంకు పెట్టెలు పక్కపక్కనే. నలుగురిలో బాగా చదివేవాడు ఒకడు. పేరు రాయం, వాడికి ఇష్టం లేదు. పట్నంలో ఇంజనీరింగ్ సీటొచ్చింది. ఊరంతా సంబరం చేసింది. రెండో ఏడాదిలో ఒకరోజు పెట్టె సర్దుకుని ఇంటికొచ్చేశాడు. రాత్రుళ్లు నిద్ర పట్టట్లేదన్నాడు. క్లాసులో వాడి మాట తీరు చూసి నవ్వేవారట. తర్వాత్తర్వాత అసలు నోరే విప్పలేదట. ఊళ్లోవాళ్లు గాలి సోకిందన్నారు. మరి మేమేం అన్నాం? "సీటు పాడు చేసుకున్నాడు" అన్నాం. ఒకట్రెండుసార్లు ఫోన్ చేశాం, ఎత్తలేదు, వదిలేశాం. సిగ్గుగా ఉన్నా నిజం చెప్పుకోవాలి కదా.

మళ్లీ జిమ్మీ దగ్గరికొద్దాం. ఊరికొచ్చినాయన ఖాళీగా కూర్చోలేదు. గిటారు పట్టి పాటలు కట్టారు. 1980ల మొదట్లో అడిలైడ్‌లో ఆదివాసీ సంగీత విద్యాకేంద్రంలో ఉన్నప్పుడు, బ్రూమ్ కుర్రాళ్లతో కలిసి 'కకుల్స్' అని బ్యాండు పెట్టారు. అది వాళ్లూరి సముద్రపు గుల్ల పేరు. ఆ పాటల్ని ఏళ్ల తరబడి కూర్చుకుంటూ, చివరికి ఒక నాటకం చేశారు. 1990లో పెర్త్ ఉత్సవంలో ఆడించారు. పేరు 'బ్రాన్ న్యూ డే', అంటే సరికొత్త రోజు. ఆ పేరును ఇంగ్లీషు పుస్తకాల్లో ఉన్నట్టు రాయలేదు. బ్రూమ్ జనం నోట్లో ఎలా పలుకుతుందో ఆ అక్షరాలే పెట్టారు. ఆస్ట్రేలియాలో మొదటి ఆదివాసీ మ్యూజికల్ అని దాన్నే చెప్తారు. దేశమంతా తిరిగి ఆడింది. 2009లో రేచల్ పెర్కిన్స్ అనే ఆదివాసీ దర్శకురాలు సినిమాగా కూడా తీశారు.

కథ వింటే మీకూ నవ్వొస్తుంది. విల్లీ అనే కుర్రాడు. ఊరు బ్రూమ్, చదువు పెర్త్ మిషన్ హాస్టల్లో. మధ్యలో 2,000 కిలోమీటర్ల పైనే దూరం. ఒకరాత్రి పిల్లలంతా కలిసి ఫ్రిజ్‌లో చాక్లెట్లు దొంగిలిస్తారు. ఫాదర్ బెత్తం తీస్తాడు. విల్లీ దెబ్బలకు చెయ్యి చాపడు, పాటెత్తుకుంటాడు! హాస్టలంతా అందుకుని గంతులేస్తుంది. తర్వాత పారిపోతాడు. దారిలో టాడ్‌పోల్ అనే తాగుబోతు మావ, ఒక పాత వ్యాను, ఇద్దరు హిప్పీలు తోడవుతారు. అందరూ ఇంటిదారి పడతారు. చివరికి ఎవర్ని చూసినా ఎవరికో ఒకరికి చుట్టమే అని తేలుతుంది.

మనం వంటగదిలో బెల్లం ముక్క కొట్టేసిన రాత్రులు గుర్తొచ్చాయా? మాకొచ్చాయి.

మమ్మల్ని పట్టుకున్నది మాత్రం ఆ హాస్టల్ పాట. వినడానికి పిల్లల పాటలా ఉషారుగా ఉంటుంది, అందరూ నవ్వుతూ ఆడుతుంటారు. మాట విన్నామా, భూమి పోగొట్టుకున్న సంగతి అందులోనే ఉంది. "మేం చాలా సంతోషంగా ఉన్నామండీ" అని మనం స్వాగతాల్లో ఆడతాం కదా, ఆ నవ్వునే తీసుకుని తిరగేసి కొట్టినట్టుంటుంది. తిట్టలేదు, ఏడవలేదు. ఎదురుగా కూర్చున్నవాళ్లు ముందు నవ్వుతారు, తర్వాత కుర్చీలో సర్దుకుంటారు.

1996లో రెండో నాటకం, 'కారుగేషన్ రోడ్'. బళ్లు తిరిగి తిరిగి అలలు అలలుగా గట్లు కట్టిన మట్టిరోడ్డుని అలా అంటారు. దానిమీద బండెక్కితే పళ్లు కూడా కొట్టుకుంటాయి, ఘాట్ రోడ్డు దిగి మన ఊళ్లకెళ్లే దారిలాగే. ఈ నాటకం ఆయన జబ్బు గురించి. పిచ్చాసుపత్రి కథని కూడా నవ్విస్తూ, పాడుతూ చెప్పారు. జనం దాచుకునేదాన్ని స్టేజీ ఎక్కించారు. 2017 జూన్‌లో, 69 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఇది తెలుసుకున్నాక, పోయిన ఆదివారం మేం ముగ్గురం బస్సెక్కి వాడి ఊరెళ్లాం. వాడు పొలంలో ఉన్నాడు. మమ్మల్ని చూసి ముందు మాట్లాడలేదు. వాళ్లమ్మ అంబలి పోసింది. జిమ్మీ కథ చెప్పాం. నీకు నయమైపోతుందనో, నువ్వూ గొప్పోడివవుతావనో చెప్పలేదు. అంత తెలివి మాకు లేదు. ఫోన్ ఎత్తకపోతే వదిలేసినందుకు తప్పైందని మాత్రం అన్నాం.

వాడు చాలాసేపటికి ఒకటే అడిగాడు: "ఆ నాటకం వాళ్ల యాసలోనే ఆడారా?" అవునన్నాం. ఇంట్లోకెళ్లి ఒక నోటుబుక్కు తెచ్చాడు. ఇంజనీరింగ్ నోట్సే. వెనక పేజీల నుంచి పాటలు. మన భాష, తెలుగు అక్షరాలు. వార్డెన్ సారు మీద ఒకటుంది, చదివి పడిపడి నవ్వాం. క్లాసులో నోరు విప్పని రోజుల మీద ఒకటుంది. అది చదివి ఎవరం మాట్లాడలేదు.

అందుకే అడుగుతున్నాం. ఈ ఆగస్టు 9న థింసాతో పాటు ఒక చిన్న నాటిక వేద్దాం. హాస్టల్ మీద, మన భాషలో, మనమే నవ్వుకుంటూ. స్టేజీ ఎక్కనని వాడు గట్టిగా చెప్పేశాడు, బలవంతం చెయ్యం. రెండు పాటలు మాత్రం ఇస్తానన్నాడు. తుడుము వాయించేవాళ్లు, నటించేవాళ్లు కింద పేర్లు రాయండి.

ఇంకొక్క మాట. మీ గదిలో కూడా నిద్రపోని వాడో, మాటాడని చెల్లెలో ఉండొచ్చు. ఫోన్ ఎత్తకపోతే బస్సెక్కండి. ప్రభుత్వం వాళ్ల టెలి మానస్ నంబరు 14416 ఉంది, డబ్బులక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. మేం ఆలస్యంగా వెళ్లాం. మీరు ముందే వెళ్లండి.

జోహార్.