కడలి లేని ఊరిలో కెరటాలు

ఢిల్లీ వాసులకు సముద్రం దూరపు చుట్టం. గుజరాత్ తీరాన్ని చూడాలన్నా రోడ్డు మీద వెయ్యి కిలోమీటర్లు దాటవలసిందే. పలకపై నిలిచి కెరటాన్ని స్వారీ చేయాలని ముచ్చటపడే యువకులు విమానమెక్కి మంగళూరు దాపున ఉన్న ముల్కీకో, కేరళలోని వర్కలకో, చెన్నై దగ్గరి కోవలంకో పోతారు. అంత దూరం పోలేని వారికి రాజధాని పొలిమేరల్లోని నీళ్ల పార్కులే దిక్కు.

అక్టోబరు నడిమికి ఈ పార్కుల్లో ఋతువు ముగింపుకు వస్తుంది. సాయంకాలానికి నీరు చల్లబడుతుంది. కొలనులో జనం పలచబడతారు. లోతైన కొసన, గోడ వెనుక ఉన్న గదుల్లోకి యంత్రాలు గాలిని పంపి వదులుతాయి. ఆ ఒత్తిడికి నీరు లేచి, పల్లంగా కట్టిన సిమెంటు ఒడ్డు వరకు వచ్చి విరుగుతుంది. కాసేపటికి యంత్రం ఆగుతుంది, సముద్రమూ ఆగుతుంది. అసలు కెరటం ఎక్కడో నడిసముద్రంలో గాలికి పుట్టి, వేల కిలోమీటర్లు నడిచి వస్తుంది. ఇక్కడిది నడుము దాటదు. దానిపై స్వారీ మాట అటుంచి, గాలి నింపిన ట్యూబుపై తేలడమే ఘనకార్యం. అయినా కేరింతలకు కొదవ ఉండదు. 1982 ఆసియా క్రీడల ఏనుగు బొమ్మ పేరిట 1984లో ప్రగతి మైదానంలో వెలసిన అప్పూఘర్ 2008లో మూతపడగా, అదే పేరుతో తరువాత నీళ్ల పార్కు వెలసింది గురుగ్రామ్ సెక్టార్ 29లోనే.

ఆ సెక్టారుకు మరొక ప్రసిద్ధి కూడా ఉంది. మెట్రోలో ఇఫ్కో చౌక్ స్టేషనులో దిగి వచ్చేవారిలో చాలామంది కెరటాల కోసం గాక, అక్కడి హోటళ్లు సొంతంగా కాచుకునే బీరు కోసం వస్తారు. గాజు గోడల వెనుక రాగి, ఉక్కు పాత్రలు మెరుస్తూ ఉంటాయి. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని నలగగొట్టి, వేడి నీట నానబెట్టి, ఆ తియ్యటి రసాన్ని హాప్ పువ్వులతో మరిగించి, చల్లార్చి ఈస్టు కలుపుతారు. గోధుమ బీరులో అరటిపండు, లవంగాల వాసన వస్తే అందులో అవి వేశారనుకోరాదు. అది ఈస్టు మహిమ. బెల్జియం పద్ధతి బీరులో మాత్రం నారింజ తొక్క, ధనియాలు నిజంగానే వేస్తారు. కొత్తవారికి నాలుగైదు రకాలను చిన్న గ్లాసుల్లో పోసి, ఒక చెక్కపలకపై అమర్చి తెస్తారు. సెక్టార్ 29లో దొరికే పలక అదొక్కటే!

ఈ బీరును సీసాలకెత్తి దూరదేశాలకు పంపరు. తాటిచెట్టు నుంచి తెల్లవారి దించిన కల్లు ఎండెక్కేసరికి పులిసినట్లు అంత తొందరగా చెడకపోయినా, పుట్టినచోటనే తాగవలసిన పానీయమిది.

చరిత్ర చేసిన చమత్కారం ఒకటుంది. 1996 జులై 1 నుంచి హర్యానాలో బన్సీలాల్ ప్రభుత్వం మద్యనిషేధం విధించింది. 1998 ఏప్రిల్ 1న అది తొలగేవరకు దాహం గలవారు సరిహద్దు దాటి ఢిల్లీకి పోయేవారు. పట్టుమని పదిహేనేళ్లయినా గడవకముందే ప్రయాణం దిశ మారింది. బీరు కాచే హోటళ్లకు తమ ఊళ్లో అనుమతి లేక ఢిల్లీ వారే గురుగ్రామ్ దారి పట్టారు.

గ్లాసులోనూ కొలనులోనూ ఉన్నది ప్రధానంగా నీరే. చిన్న బ్రూవరీలో ఒక లీటరు బీరు వెనుక నాలుగైదు లీటర్ల నీరు, తరచుగా అంతకు మించి ఖర్చవుతుంది. బార్లీకి కరవు లేని ప్రాంతమిది. హాప్ పువ్వులు విదేశాల నుంచి వస్తాయి, హిమాచల్‌లోని లాహౌల్‌లోనూ పండుతాయి. నీటి విషయం వేరు. గురుగ్రామ్ భూగర్భ జలాలను వానలు నింపగలిగిన దానికి మించి తోడుతున్నారు. 2012లో పంజాబ్, హర్యానా హైకోర్టు భవన నిర్మాణానికి భూగర్భ జలం వాడరాదని, శుద్ధి చేసిన మురుగునీటినే వాడాలని ఆదేశించవలసి వచ్చింది. ఊరికి ముఖ్యాధారం సోనీపత్ వైపు నుంచి కాలువల్లో వచ్చే యమునా జలం. బసై, చందూ బుఢేరా కేంద్రాల్లో దానిని శుద్ధి చేసి ఇళ్లకు పంపుతారు. ఎండాకాలంలో, సరిగ్గా నీళ్ల పార్కులూ చల్లని బీరూ జనానికి గుర్తొచ్చే రోజుల్లోనే, కాలువ చాలక ట్యాంకర్లు వీధుల్లోకి దిగుతాయి.

అక్టోబరులో ఆ ఒత్తిడి కొంత సడలుతుంది. హోటళ్ల మేడలపై రాత్రి పొద్దుపోయే వరకు జనం కూర్చుంటారు. ఊరికి పదిహేను కిలోమీటర్ల దూరంలో సుల్తాన్‌పూర్ సరస్సు మీద, యంత్రం అక్కరలేని చిన్న అలలపై, ఉత్తరాది నుంచి వచ్చిన తొలి బాతులు వాలుతూ ఉంటాయి.