లేదని చెప్పడమూ మర్యాదే

తెలుగు పాఠాలు చెప్పుకునే నాబోటివాడికి అమెరికా ఆస్పత్రులతో పనేమిటని మీకు అనుమానం రావచ్చు. పని కల్పించింది గుంటూరులో వున్న మా అక్కయ్య కూతురు. 2018లో యం.బి.బి.యస్. పూర్తిచేసి, అమెరికాలో పై చదువు చదవాలని పట్టుబట్టింది. "మామయ్యా, కాస్త పక్కన కూచుని నాతోపాటు చదివిపెట్టు" అంటే, మేనమామను గదా, కాదనలేకపోయాను.

ఆ పై చదువును అక్కడ రెసిడెన్సీ అంటారు. ఆస్పత్రిలో జీతం పుచ్చుకుని పనిచేస్తూ నేర్చుకోవడమన్నమాట. జనరల్ మెడిసిన్‌కి మూడేళ్లు, సర్జరీకి అయిదేళ్లు. సీటు దొరికే పద్ధతి మాత్రం అచ్చంగా మన పెళ్లి సంబంధాల వ్యవహారమే. ముందు దరఖాస్తులు, తరవాత ఇంటర్వ్యూలు. అవి అయ్యాక తనకు నచ్చిన ఆస్పత్రుల పేర్లు అభ్యర్థి వరసగా రాసి యిస్తే, తమకు నచ్చిన అభ్యర్థుల పేర్లు ఆస్పత్రులవారూ వరసగా రాసి యిస్తారు. రెండు పక్షాల జాబితాలనూ చూసి కంప్యూటరు ముడివేస్తుంది. 1952 నుంచీ సాగుతున్న యీ తంతుకు 'మాచ్' అని పేరు. ఇప్పుడు వాడుతున్న లెక్కను సరిదిద్దినవారిలో వొకరైన ఆల్విన్ రాత్‌గారికి 2012లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమానం కూడా వచ్చింది.

లెక్క మంచిదే. కాని వరసగా పేర్లు రాయాలంటే ముందు సంగతులు తెలియాలి గదా! 2020లో కరోనా వచ్చేదాకా అభ్యర్థులు స్వయంగా వెళ్లి, ఆస్పత్రి కళ్లారా చూసి, అక్కడి కుర్రడాక్టర్లతో నాలుగు మాటలాడి వచ్చేవారు. ఆ తరవాత ఇంటర్వ్యూలు చాలామటుకు కంప్యూటరు తెర మీదికి మారాయి. ఫోటో చూసి సంబంధం ఖాయం చేసుకున్నట్టు, యిక ఆ ఆస్పత్రివారు తమ వెబ్‌సైటులో యేమి రాసుకుంటే అదే ఆధారం. సముద్రాలకు యివతల వున్నవాళ్లకు మరీను.

మొదటిసారి, 2024 సెప్టెంబరులో, మా అమ్మాయి నూట యిరవై చోట్లకు దరఖాస్తు పెట్టింది. మొదటి ముప్ఫయింటికీ వొక్కొక్కదానికి 11 డాలర్లు, ఆపైన వొక్కొక్కదానికి 30. మొత్తం 3,030 డాలర్లు. మన లెక్కలో రెండున్నర లక్షలు. మా బావగారు ప్రావిడెంటు ఫండులోంచి తీసి యిచ్చారు. పిలుపులు రెండంటే రెండు వచ్చాయి. 2025 మార్చి 17న ముడి పడలేదని కబురు వచ్చింది. ఆ రాత్రి బావగారు యేమీ అనలేదు. ఏదయినా అంటేనే బాగుండేదని అక్కయ్య నాతో అంది.

రెండో యేడు నేను కూడా కూచున్నది అందుకే. నలభై పేజీల నోటుబుక్కు కొని, నాలుగు ప్రశ్నలు రాసుకున్నాం. ఏ వీసా మీద వచ్చేవాళ్లను తీసుకుంటారు? చదువు ముగిసి యెన్నేళ్లలోపు వుండాలి? అమెరికా ఆస్పత్రిలో పనిచేసిన అనుభవం ముందే కావాలా? విదేశాల్లో చదివినవాళ్లను యిదివరకు యెందరిని తీసుకున్నారు?

ఆ వెబ్‌సైట్లలో బొమ్మలకు లోటులేదు. సరస్సులు, వనభోజనాలు, తెల్లకోట్లలో నవ్వు మొహాలు! జీతమెంతో, సెలవులెన్నో చాలామంది చక్కగానే రాశారు. మా నాలుగు ప్రశ్నల దగ్గరికి వచ్చేసరికి మాత్రం అనేకచోట్ల మౌనం. వొకచోటయితే, మార్కులు తీసేసి వట్టి పాసూ ఫెయిలూ చేసిన మొదటి పరీక్షకు యింకా మార్కులు అడుగుతున్నారు. ఆ మార్పు వచ్చింది 2022 జనవరిలో! అమెరికన్ మెడికల్ అసోసియేషన్‌వారు 'ఫ్రైడా' అనే జాబితా వుంచారు గాని, అదీ ఆస్పత్రులవారు పూరించి పంపితేనే గదా నిండేది.

వో సాయంత్రం అమ్మాయి హఠాత్తుగా "హమ్మయ్య!" అంది. చూద్దును గదా, 'చదువు ముగించి అయిదేళ్లు దాటినవారిని తీసుకొనము' అని వుంది.

"కాదన్నందుకు సంతోషమేమిటే?" అన్నాను.

"కాదని చెప్పారు మామయ్యా! ఆరు నెలలు యెదురుచూసే పని తప్పింది" అంది.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. రాయనివాళ్లందరికీ వుత్తరాలు రాయించాను. వొక ఆస్పత్రి నుంచి మర్నాడే జవాబు వచ్చింది: తమదీ అయిదేళ్ల నియమమేనట. క్రితం యేడు వాళ్లకూ డబ్బు కట్టాం. ఆ వొక్క వాక్యం తమ పేజీలో రాయడానికి వాళ్లకు యెంతసేపు పట్టేది? దూరదేశంలో దాన్ని చదివేదెవరో, కట్టే డబ్బు యెక్కడిదో వాళ్లకు తట్టివుండదు.

ఇంతదాకా వాళ్లను తిట్టిపోశాను. ఇక నా సంగతి చిత్తగించండి.

మా కాలేజీ వెబ్‌సైటులో తెలుగు శాఖను గురించిన పేజీ రాసింది నేనే. 'సువిశాలమైన గ్రంథాలయం, అనుభవజ్ఞులైన అధ్యాపకులు, బాలికలకు వసతిగృహం' అని వూరించి రాశాను. ఆ వసతిగృహం మరమ్మతులని మూతపడి రెండేళ్లు. పోయిన జూలైలో ఏజెన్సీ గ్రామం నుంచి వో తండ్రీ కూతురూ వచ్చారు. ఆయన భుజం మీద రేకుపెట్టె. "హాస్టలు వుందని రాశారు కదండీ" అని ఆ పిల్ల ఫోను తీసి, నా వాక్యమే నాకు చూపించింది. బయట గది తీసుకునే స్తోమత వాళ్లకు లేదు. సాయంత్రం బస్సుకు పెట్టెతో సహా వెళ్లిపోయారు. అయ్యో పాపం అనుకున్నాను. ఆ పాపంలో నా వాటా యెంతో, మా మేనకోడలి పక్కన కూచుని నోటుబుక్కు నింపుతున్నప్పుడు గాని తెలిసిరాలేదు.

మర్నాడే కాలేజీకి వెళ్లి పేజీ మార్చి రాశాను. వసతిగృహం ప్రస్తుతం లేదు. ఖాయం అధ్యాపకులం యిద్దరమే. వూళ్లోకి ఆఖరి బస్సు సాయంత్రం ఆరున్నరకు.

ప్రిన్సిపాలుగారు చదివి, "అన్నీ లేవు లేవంటే యింక చేరేదెవరండీ?" అన్నారు.

"తెలిసినవాళ్లు చేరతారండి. తెలియనివాళ్లు పెట్టె మోసుకుని రాకుండా వుంటారు" అన్నాను. ఆయన మరి మాట్లాడకుండా సంతకం చేశారు.

మా అమ్మాయి యీసారి నలభై ఒక్క చోట్లకే పంపింది. నాలుగు ప్రశ్నలకూ జవాబు దొరికినచోట్లకు మాత్రమే. పిలుపులు అయిదు వచ్చాయి. ఆ పల్లెటూరి పిల్ల పేరు మాత్రం నేనారోజు అడగనేలేదు. వసతిగృహం తెరిచిన నాడు కబురు చేద్దామన్నా, యెవరికని చెయ్యను?