బొగ్గు తట్ట, చెమట కూలి

కలకత్తాలో హుగ్లీ నది ఒడ్డున 1892లో ప్రారంభమైన ఖిదిర్‌పూర్ రేవును తలచుకుంటే మాకు ఓడల కంటే ముందు తట్టలే గుర్తుకు వస్తాయి. రాణీగంజ్, ఝరియా గనుల నుండి రైలు వ్యాగన్లలో వచ్చిన బొగ్గును కూలీలు తట్టలకెత్తి, నెత్తిన మోసి, బల్లచెక్కల మీదుగా నడిచి ఓడ గర్భంలో కుమ్మరించేవారు. అది రంగూన్‌కూ, కొలంబోకూ పోయేది.

ఒడ్డున పని ముగిస్తే ఓడలో మరొకటి మొదలయ్యేది. ఓడ అడుగున బొగ్గు మోసేవాడు కోయిలావాలా, బాయిలరు పొయ్యిలో వేసేవాడు ఆగ్‌వాలా. వారిలో సిల్హెట్ ప్రాంతపు ముస్లిం సోదరులు ఎందరో ఉండేవారు. ఆ వేడిలో నిలబడడమే కష్టం. నమాజు వేళకు వుజూ చేసి ముఖానికీ, చేతులకూ పట్టిన మసి వదిలించుకోవడం మరొక శ్రమ.

మా దృష్టిలో బొగ్గు కన్నా బరువైనవాడు మధ్యవర్తి. ఒడ్డున సర్దారు, ఓడలో సారంగు పని ఇప్పించి, కూలిలో తమ వంతు తీసుకునేవారు. ఆ సారంగులలోనూ మన సోదరులు చాలామందే. కూలివాని చెమట ఆరకముందే కూలి చెల్లించాలన్న ప్రవక్త (స) ఆదేశం వారు విననిది కాదు. మమ్మల్ని బాధించేది అదే.

మొన్న మా ఇంటి గోడ కట్టించినప్పుడు కూలీలందరి డబ్బూ తన చేతికే ఇవ్వమన్నాడు మేస్త్రీ. మేము ఎవరిది వారికే ఇచ్చాము. మరునాడు మేస్త్రీ రాలేదు; కూలీలు వచ్చారు.